కార్డోవా ఖాజీ

ఒక ప్రశ్నకు ఇద్దఱు పండితులు రెండు విధములైన ప్రత్యుత్తరము లిచ్చినచో, వారిలో నెవరో యొకరు పొరపడిరని వినువారు తలతురు. కాని ఆ యిద్దఱును ఒకే గ్రంథమును ప్రమాణముగ గైకొన్నవారు, ఇద్దఱును నిష్కపటులు, ఇద్దఱును జీవితకాల మంతయు ఆ శాస్త్రమునకే ధారవోసినవారు. అట్టిచో వారి నడుమ భేదము ఎచ్చట పుట్టినది? తీర్పు చెప్పవలసిన న్యాయాధిపతికి ఇది పండితగోష్ఠిలో కాలక్షేపమునకు వేయు ప్రశ్న కాదు. అతని యెదుట నిలిచిన స్త్రీ వివాహబంధమున నున్నదో లేదో, వర్తకుడు గడించిన లాభము ధర్మమో అధర్మమో ఆ భేదముపై నాధారపడి యుండును.

పండ్రెండవ శతాబ్దమున స్పెయిను దేశమున నొక ఖాజీ ఈ ప్రశ్నను చేపట్టి, ఇస్లామీయ ధర్మశాస్త్రమందలి శాఖల వాదములను ఒకచోట జేర్చి పరిశీలించెను. అతడే ఇబ్న్ రుష్ద్. ఐరోపా ఖండమువారు అతని పేరును అవెర్రోయిస్ అని మార్చుకొని, అరిస్టాటిలు గ్రంథములకు వ్యాఖ్యాన మొనర్చిన తత్త్వవేత్తగ అతనిని గౌరవించిరి. కాని స్వదేశమున అతని యుద్యోగము న్యాయాధికారము. అతని కులవిద్య ధర్మశాస్త్రము.

జననము, విద్యాభ్యాసము

అతని పూర్తి పేరు అబుల్ వలీద్ ముహమ్మద్ ఇబ్న్ అహ్మద్ ఇబ్న్ రుష్ద్. క్రీ. శ. 1126వ సంవత్సరమున గ్వాదల్కివీర్ నదీతీరమందలి కార్డోవా నగరమున జన్మించెను. ఆ కాలమున స్పెయిను దక్షిణ భాగము ముస్లిముల యేలుబడిలో నుండెను. అరబ్బులు ఆ సీమను అందలుస్ అని పిలిచెడివారు. ఎఱుపు తెలుపు రాళ్లతో కట్టిన కమానులు వరుసలు దీరియుండు కార్డోవా పెద్ద మసీదును, ఆ నగరవాసుల పుస్తకప్రీతియు దేశదేశముల పేరు గాంచినవి.

ఇబ్న్ రుష్ద్ పితామహుడు కార్డోవాకు ప్రధాన ఖాజీ. మాలికీ శాఖలో ప్రామాణికములుగ నెన్నబడు గ్రంథములను రచించినవాడు. మనుమడు పుట్టిన సంవత్సరముననే ఆ వృద్ధుడు మరణించెను. ఇరువురి పేర్లును ఒక్కటియే యగుటచే చరిత్రకారులు ఒకరిని తాత యనియు, రెండవవారిని మనుమ డనియు జెప్పి గుర్తింతురు. తండ్రియు ఖాజీ పదవి నలంకరించినవాడే. బాలుడు తండ్రి కడ మువత్తా అను గ్రంథమును కంఠస్థము చేసెను. అది మాలికీ శాఖకు మూలపురుషుడైన మాలిక్ ఇమాము కూర్చినది. పిదప ఇబ్న్ రుష్ద్ వైద్యమును, గణితమును, ఖగోళశాస్త్రమును, తత్త్వశాస్త్రమును అభ్యసించెను. తండ్రి మరణించిన రాత్రియు, తన వివాహమైన రాత్రియు తప్ప, తెలివి వచ్చిన నాటినుండి ఏ రాత్రియు అతడు చదువు మానలేదని ప్రాచీన జీవితచరిత్రకారులు వ్రాసిరి.

ఆ దేశమున పుస్తకములకు గౌరవమెంత యుండెనో ప్రమాదమును అంతయే యుండెను. ఇబ్న్ రుష్ద్ పుట్టుటకు 17 ఏండ్లు ముందు, 1109లో, మురాబితూ రాజుల కాలమున, గజాలీ పండితుని మహాగ్రంథమును కార్డోవాలో బహిరంగముగ దహించిరి. ధర్మశాస్త్ర నిబంధనలను వల్లించుటయే విద్య యనుకొను పండితులను గజాలీ అందు విమర్శించెను. వారు దానిని సహింపరైరి. ఇబ్న్ రుష్ద్ యౌవనమున ఆ రాజవంశ మంతరించి మువహ్హిదూ వంశమువారు వచ్చిరి. వీరు పూర్వుల నిబంధనలను గ్రుడ్డిగ ననుసరింపరాదనియు, ఖురానునకును ప్రవక్త సంప్రదాయమునకును మరలవలెననియు చాటిరి. వీరి పాలనలో పిదప మాలికీ నిబంధన గ్రంథములే అగ్నిపాలయ్యెను. ఒకరు గెలిచినపుడు ఒక పక్షపు పుస్తకములు, మఱియొకరు గెలిచినపుడు రెండవ పక్షపు పుస్తకములు కాలుచుండిన కాలమది. అట్టి కాలమున అన్ని పక్షముల వాదములను ఒకే గ్రంథమున భద్రపఱచుటకు ఇబ్న్ రుష్ద్ పూనుకొనెను.

ఖలీఫా సముఖమున

మువహ్హిదూ రాజులకు మొరాకో దేశమందలి మర్రాకుష్ రాజధాని. ఖలీఫా అబూ యాకూబ్ యూసుఫ్ విద్యాప్రియుడు. అతని యాస్థానవైద్యుడు ఇబ్న్ తుఫైల్ తానును గొప్ప తత్త్వవేత్త. అతడొకనాడు ఇబ్న్ రుష్దును వెంటబెట్టుకొని ఖలీఫా కడకు గొనిపోయెను. ఖలీఫా కుశలప్రశ్నలు ముగించి, ఆకాశము అనాదియా, లేక సృష్టింపబడినదా, ఈ విషయమున తత్త్వవేత్త లేమందురని యడిగెను. ఇబ్న్ రుష్దునకు గుండె ఝల్లుమనెను. ఆ ప్రశ్నకు తొందరపడి ప్రత్యుత్తరమిచ్చినచో మతద్రోహి యను ముద్ర పడవచ్చును. తనకు తత్త్వశాస్త్రముతో పరిచయము లేదని చెప్పి తప్పించుకొనజూచెను. ఖలీఫా అతని భయమును గ్రహించి, ఇబ్న్ తుఫైల్ వంక దిరిగి ప్లేటో, అరిస్టాటిలు మున్నగువారి మతములను, వారికి ముస్లిము పండితులు చెప్పిన ఖండనములను తానే వివరింపసాగెను. అది విన్న పిదప ఇబ్న్ రుష్దునకు ధైర్యము గలిగి తన కెఱుక యున్నదంతయు జెప్పెను. ఖలీఫా అతనికి ధనమును, గౌరవవస్త్రమును, వాహనమును బహూకరించెను.

అరిస్టాటిలు గ్రంథములు దురవగాహములుగ నున్నవని ఖలీఫా చింతింపగా, వృద్ధుడైన ఇబ్న్ తుఫైల్ ఆ కార్యభారమును ఇబ్న్ రుష్దుపై నుంచెను. ఆ వ్యాఖ్యానములే పిమ్మట ఐరోపాలో అతని కీర్తికి మూలమయ్యెను. 1169లో అతడు సెవిల్ నగరమునకు ఖాజీగ నియమింపబడెను. 1171లో కార్డోవాకు వచ్చెను. పిదప తాతగారి ప్రధాన ఖాజీ పదవియు అతనికి లభించెను. 1182లో ఖలీఫాకు ఆస్థానవైద్యు డయ్యెను. ఒకచోట నుండి యొకచోటికి ప్రయాణములు, పగలంతయు వ్యాజ్యములు, రాత్రులందు గ్రంథరచన - ఇట్లు అతని జీవితము గడచెను. పదవివలన వచ్చిన పలుకుబడిని తన సొంతమునకు గాక నగరవాసుల మేలునకే వినియోగించెనని పేరు పొందెను.

మహాగ్రంథము

అతని ధర్మశాస్త్ర గ్రంథమునకు బిదాయతుల్ ముజ్తహిద్ వ నిహాయతుల్ ముఖ్తసిద్ అని పేరు. స్వయముగ విచారించి ధర్మనిర్ణయము చేయగోరువానికి ఇది ఆరంభమనియు, ఉన్నదానితో తృప్తిపడువానికి ఇదియే పర్యాప్తమనియు ఆ పేరునకు భావము. 1168 ప్రాంతమున దీని రచన సాగెను. హజ్ యాత్రకు సంబంధించిన భాగమును మాత్రము ఇరువది యేండ్లకు పిదప, 1188లో, అతడు పూర్తి చేసెను.

ఇస్లామీయ ధర్మమునకు మొదటి ప్రమాణము ఖురాను. రెండవది ప్రవక్త చెప్పినదియు, చేసినదియు, అంగీకరించినదియు నగు సంప్రదాయము. మూడవది పండితుల ఏకాభిప్రాయము. దీనిని ఇజ్మా యందురు. నాలుగవది ఖియాసు, అనగా తెలిసిన విషయముతో గల పోలికనుబట్టి తెలియని విషయమును నిర్ణయించుట. ఈ ప్రమాణములనుండి ధర్మములను సాధించిన మహాపండితుల పేర శాఖలు వెలసినవి. కూఫా నగరవాసి అబూ హనీఫా (699-767), మదీనావాసి మాలిక్ (మరణము 795), మాలిక్ కడ చదువుకొని తుదకు ఈజిప్టున స్థిరపడిన షాఫయీ (767-820), బాగ్దాదువాసి అహ్మద్ ఇబ్న్ హంబల్ (780-855) - వీరి పేర నేటికిని నాలుగు సున్నీ శాఖలు నిలిచియున్నవి. శబ్దార్థమును దాటి పోరాదని వాదించిన దావూద్ మున్నగువారి శాఖలు కాలక్రమమున నశించినవి. ఇబ్న్ రుష్ద్ నశించినవారి వాదములను గూడ విడువలేదు.

ఇతరులు వ్రాసిన గ్రంథములందు ఫలానా ఇమాము మత మిది, ఫలానా ఇమాము మత మది యని పట్టికలుండును. ఇబ్న్ రుష్ద్ అంతటితో నాగలేదు. ప్రతి వివాదమునకును హేతువును వెదకెను. పీఠికయందు భేదమునకు ఆఱు హేతువులను లెక్కించెను. ఒక మాట అందఱికిని వర్తించునా, కొందఱికే వర్తించునా యను సందేహము మొదటిది. ఒకే మాటకు రెండర్థము లుండుట రెండవది. వ్యాకరణమందలి విభక్తి భేదము మూడవది. మాటకు వాచ్యార్థము గొనవలెనా, లక్ష్యార్థము గొనవలెనా యనునది నాలుగవది. ఒకచోట నియమము లేకుండ చెప్పినది మఱియొకచోట నియమముతో చెప్పబడుట ఐదవది. రెండు ప్రమాణములు ఒకదానితో నొకటి విరోధించుట ఆఱవది. వందలకొలది వివాదములు ఈ కొలది హేతువులనుండియే పుట్టినవని అతడు నిరూపించెను.

రెండర్థముల మాటకు అతడు చర్చించిన యుదాహరణ మొకటి ప్రసిద్ధము. విడాకులు పొందిన స్త్రీ పునర్వివాహమునకు ముందు మూడు ఖుర్ల కాలము వేచియుండవలెనని ఖురాను విధించెను. అరబ్బీ భాషలో ఖుర్ అను మాటకు ఋతుకాల మనియు అర్థము గలదు; రెండు ఋతువుల నడిమి శుద్ధికాల మనియు అర్థము గలదు. మాలిక్, షాఫయీలు శుద్ధికాలమను అర్థమును గైకొనిరి. అబూ హనీఫా ఋతుకాలమను అర్థమును గైకొనెను. మొదటివారి లెక్కలో మూడవ ఋతువు మొదలగుటతోనే గడువు తీరును. రెండవవారి లెక్కలో అది ముగిసినగాని తీరదు. భేదము కొలది దినములే. కాని భర్త ఆమెను మరల స్వీకరించు హక్కు ఆ దినములలో నున్నదా లేదా? ఆ దినములలో భర్త మరణించినచో ఆమెకు ఆస్తిలో భాగమున్నదా లేదా? ఒక్క మాట యర్థముపై ఒక సంసారము వ్రేలాడుచున్నది.

మన దేశపు ధర్మశాస్త్రము నెఱిగినవారికి ఇది వింతగ దోపదు. సపిండు డను మాటలో పిండ మనగా శరీరమని విజ్ఞానేశ్వరుడు చెప్పి రక్తసంబంధమును ప్రధానము చేసెను. పిండ మనగా శ్రాద్ధపిండ మని జీమూతవాహనుడు చెప్పి పిండప్రదానాధికారమును ప్రధానము చేసెను. మితాక్షరకును దాయభాగమునకును గల పెద్ద భేదములలో నొకటి ఈ మాటనుండియే పుట్టినది.

ఖుర్ వివాదమున ఇబ్న్ రుష్ద్ ఇరుపక్షముల వాదములను చెప్పి, శబ్దప్రమాణమున రెండును ఇంచుమించు సమానములే యనియు, విధి యొక్క ప్రయోజనమును జూచినచో హనఫీల మతమే స్పష్టతరముగ నున్నదనియు వ్రాసెను. వ్రాసినవాడు మాలికీ శాఖ ఖాజీ. మాలికీ ప్రధాన ఖాజీకి మనుమడు. తన యింటి మతముకంటె పొరుగువారి మతము బలముగ నున్నచోట దానిని దాచలేదు.

బియ్యము, ఇనుము

వడ్డీకి సంబంధించిన చర్చ మఱింత యాసక్తికరము. బంగారము, వెండి, గోధుమలు, యవలు, ఖర్జూరములు, ఉప్పు - ఈ యాఱు వస్తువులలో దేనినైనను అదే వస్తువుతో మార్చుకొనునపుడు సమానముగ, చేతికి చేయిగ మార్చుకొనవలెననియు, ఎక్కువ గైకొన్నచో అది వడ్డీ యగుననియు ప్రవక్త సంప్రదాయము. పేర్కొన్నవి ఆఱు వస్తువులే. మఱి బియ్యము సంగతి యేమి? ఇనుము సంగతి యేమి?

దావూద్ శాఖవారు ఆఱనిన ఆఱే. బియ్యమునకు ఈ నియమము లేదనిరి. తక్కినవారు ఆ వస్తువులను ఎన్నుకొనుటకు గల హేతువును వెదకిరి. ధాన్యాదులు మనుష్యునకు ముఖ్యాహారములు, నిలువ యుంచదగినవి యగుటచే నియమము వచ్చెనని మాలిక్ చెప్పెను. అవి తినదగిన వస్తువు లగుటయే చాలునని షాఫయీ చెప్పెను. కొలచుటకును తూచుటకును వీలగుటయే హేతువని అబూ హనీఫా చెప్పెను. ఈ మువ్వురి మతమునను బియ్యము నియమమునకు లోబడును. కాని ముగ్గురి హేతువులును వేఱు. ఇనుము దగ్గఱకు వచ్చుసరికి భేదము బయలుపడును. బంగారము, వెండి వస్తువుల వెలను నిర్ణయించు ద్రవ్యము లగుటచే నిషేధము గలిగెనని మాలిక్, షాఫయీలు చెప్పిరి. ఇనుము అట్టిది కాదు. అబూ హనీఫా మతమున ఇనుము తూచబడు వస్తువు. కనుక నియమము దానికిని వర్తించును.

ఇచ్చటను ఇబ్న్ రుష్ద్ ప్రయోజనమును విచారించెను. ఈ ధర్మము ఉద్దేశించినది మాఱుబేరములలో ఒకరినొకరు మోసగింపకుండుటయే. క్రయవిక్రయములలో న్యాయ మనగా సమానత్వమునకు దగ్గఱగ నుండుట. ఒకే జాతి వస్తువులలో సమానత్వమును తెలుపునది కొలతయు తూనికయు. కావున ఈ దృష్టితో జూచినచో హనఫీలు చెప్పిన హేతువే మేలైనదని అతడు తలచెను.

తప్పిపోయిన భర్త

తన శాఖ చెప్పినదే దయార్ద్రముగ నుండిన సందర్భము మఱియొకటి. భర్త దేశాంతరము వెళ్లి తిరిగి రాలేదు. బ్రదికియున్నాడో లేడో తెలియదు. అతని భార్య ఎంతకాలము ఎదురుచూడవలెను? మరణము రూఢి యగువఱకు ఆమె అతని భార్యయే యని అబూ హనీఫాయు షాఫయీయు చెప్పిరి. ఖాజీ యెదుట ఫిర్యాదు చేసినపిదప నాలుగేండ్లు గడువిచ్చి, అటుపై భర్త మరణించిన స్త్రీ పాటించు నాలుగు నెలల పది దినముల కాలము గడచిన పిదప ఆమె మరల వివాహమాడవచ్చునని మాలిక్ చెప్పెను.

ఈ భేదమునకు ఇబ్న్ రుష్ద్ చెప్పిన హేతువు రెండు న్యాయసూత్రముల సంఘర్షణము. ఉన్న స్థితి మాఱినదని ఋజువగు వఱకు అట్లే యున్నట్లు భావింపవలె ననునది యొకటి. భార్యను ముట్టనని ఒట్టు పెట్టుకొన్న భర్తనుండియు, సంసారమునకు శక్తి లేని భర్తనుండియు స్త్రీకి విముక్తి యున్నపుడు, తప్పిపోయిన భర్తవలన కలుగు హానియు అట్టిదే గదా యను సాదృశ్యము రెండవది. మొదటి సూత్రము ఎదుట లేని పురుషుని హక్కును కాపాడును. రెండవది ఎదుట నిలిచిన స్త్రీ కష్టమును చూచును. ఇరుపక్షములవారును ధర్మమునే కోరిరి. ఏ సూత్రము ఇచ్చట బలీయమను విషయముననే భేదించిరి.

ఇంత శ్రమ యెందులకో అతడు ఆ గ్రంథముననే ఒక దృష్టాంతముతో సూచించెను. తన కాలపు పండితులు ఎవడెక్కువ తీర్పులను కంఠస్థము చేసిన వాడే గొప్ప ధర్మజ్ఞుడని తలచుచుండిరి. ఇది చెప్పులు కుట్ట నేర్చినవానిని విడిచి, ఇంటినిండ చెప్పులున్నవానినే చర్మకారు డనుకొనుట వంటిది. ఎన్ని జతలున్నను, ఒకనాడు వానిలో దేనికిని సరిపడని పాదము గలవాడు వచ్చును. అప్పుడు చెప్పులు కూడబెట్టినవాడు తప్పక కుట్టగలవానినే ఆశ్రయింపవలెను. న్యాయస్థానమునకు వచ్చు మనుష్యుల పాదములు ఒకే కొలతవి కావు. తీర్పు పుట్టిన విధము తెలిసినవాడే క్రొత్త వ్యాజ్యమునకు తీర్పు కుట్టగలడు.

వాదమున ధర్మము

ఈ న్యాయబుద్ధియే అతని తత్త్వగ్రంథములలోను గానవచ్చును. తత్త్వవేత్తలను ఖండించుచు గజాలీ వ్రాసిన గ్రంథమునకు అతడు 1180 ప్రాంతమున ప్రత్యుత్తరము వ్రాసెను. అందు గజాలీ వాదమును ముందు అతని మాటలలోనే యుంచి పిదప సమాధానము చెప్పెను; ప్రతివాది మాట వినక తీర్పు చెప్పుట ఖాజీ ధర్మము కాదు. మఱియొక చిన్న గ్రంథమున, తత్త్వశాస్త్రము చదువుట మతధర్మముచే నిషిద్ధమా, విహితమా యను ప్రశ్నను అచ్చముగ ఒక వ్యాజ్యమువలె విచారించి, శక్తిగలవారికి అది విహితమే యని నిర్ణయించెను. నీరు గొంతునకు అడ్డుపడి యొకడు చచ్చినాడని దప్పిగొన్నవానికి నీరు మాన్పరాదని అచ్చట అతని వాదము.

ప్లేటో రాజనీతి గ్రంథమునకు వ్యాఖ్య వ్రాయుచు తన దేశపు స్త్రీల స్థితిని గూర్చి చింతించెను. వారి శక్తులు పరీక్షింపబడకయే సంతాన పోషణమునకు పరిమితములై, వారు మొక్కలవలె నున్నారనియు, ఆ పట్టణముల పేదఱికమునకు ఇదియు నొక కారణమనియు అతడు వ్రాసెను. ఆ గ్రంథము అరబ్బీ మూలము నశించి హీబ్రూ అనువాదముగ మాత్రమే మిగిలినది.

బహిష్కారము

1184లో అబూ యాకూబ్ మరణింపగా అతని కుమారుడు అల్ మన్సూర్ ఖలీఫా అయ్యెను. ఇతడును చాలకాలము ఇబ్న్ రుష్దును ఆదరించెను. 1195లో అలార్కోస్ యొద్ద కాస్తీలు రాజ్యముతో యుద్ధము జరిగెను. ఖలీఫా విజయము పొందెను. ఆ కాలముననే ఇబ్న్ రుష్దునకు ఆపద మూడెను. యుద్ధకాలమున ఖలీఫాకు పండితుల, ప్రజల మద్దతు కావలసివచ్చెనని కొందఱందురు. జంతుశాస్త్ర వ్యాఖ్యలో ఖలీఫాను బిరుదములు లేకుండ బర్బరుల రాజని వ్రాసినందులకు కోపించెనని కొందఱందురు. అసూయాపరుల కుట్ర యని మఱికొందఱందురు. ఏదైనను, అతనిపై విచారణ జరిగెను. అతని బోధలు దూష్యములని ప్రకటింపబడెను. వైద్యము, గణితము, కాలనిర్ణయమునకు వలయు ఖగోళము తప్ప తక్కిన తత్త్వగ్రంథములను దహింపుడని ఆజ్ఞలు వెలువడెను. డెబ్బదియేండ్ల సమీపమున నున్న వృద్ధుని కార్డోవాకు దక్షిణమున నున్న లుసేనా అను చిన్న పట్టణమునకు వెడలగొట్టిరి. అది పూర్వము యూదులు నివసించిన స్థలము.

ఆ కష్టకాలమున అతని మనస్సును అన్నిటికంటె ఎక్కువ గాయపఱచినది పదవి పోవుటయు కాదు, పుస్తకములు కాలుటయు కాదు. ఒకనాడు మూడవ జామున తానును కుమారుడును కార్డోవా మసీదునకు నమాజునకై వెళ్లగా, అల్లరిమూక వారిని వెలుపలికి వెడలగొట్టెను. తాత ఇమాముగ నిలిచి ప్రార్థన జరిపిన మసీదది. అందఱి వాదమును విని తీర్పు చెప్పిన ఖాజీ వాదమును వినువా డొక్కడును ఆనాడు లేకపోయెను.

రెండు మూడేండ్లకు ఖలీఫా మనస్సు మాఱెను. నిషేధమును తొలగించి ఇబ్న్ రుష్దును మర్రాకుషునకు పిలిపించెను. కాని మరల దొరకిన గౌరవము ననుభవించుటకు ఆయుస్సు మిగులలేదు. 1198 డిసెంబరులో ఇబ్న్ రుష్ద్ 72వ యేట మరణించెను. మఱుసటి నెలలో ఖలీఫాయు మరణించెను. కొన్ని నెలల పిదప ఇబ్న్ రుష్ద్ శరీరమును కార్డోవాకు గొనిపోయి వంశస్థుల సమాధుల కడ పాతిపెట్టిరి. ఆ ప్రయాణమును కన్నులార జూచిన వాడు ఇబ్న్ అరబీ అను సూఫీ మహాత్ముడు. మోయు జంతువునకు ఒక ప్రక్క శవపేటికను, బరువు సరిపడుటకై రెండవ ప్రక్క అతని పుస్తకములను గట్టిరని ఇబ్న్ అరబీ చెప్పెను. మనిషి బరువునకు అతని గ్రంథముల బరువు సరితూగెను.

తరువాతి కథ

అతని వ్యాఖ్యానములు పదుమూడవ శతాబ్దమున లాటిను భాషలోనికి వెళ్లి పారిస్ విశ్వవిద్యాలయమును కలచివైచినవి. అచ్చటను 1270లోను 1277లోను ఆ భావములను నిషేధించిరి. అచ్చటను నిషేధము వానిని ఆపలేకపోయెను. ధర్మశాస్త్ర గ్రంథము మాత్రము అరబ్బీలోనే యుండి, ముస్లిము విద్యాలయములలో శాఖల నడుమ తారతమ్యమును బోధించు పుస్తకముగ ఆదరము గాంచెను. 1990 దశకమున అది రెండు సంపుటములుగ ఇంగ్లీషున వెలువడెను.

భారతదేశపు ముస్లిములలో అధికసంఖ్యాకులు హనఫీలు. మలబారు తీరమువారును, హైదరాబాదు బార్కాసులోని హద్రమౌత్ అరబ్బుల సంతతివారును షాఫయీలు. మాలికీలు ఈ దేశమున లేరనియే చెప్పవచ్చును. అయినను మాలిక్ చెప్పిన నాలుగేండ్ల గడువు ఈ దేశమునకు వచ్చెను. భర్త తప్పిపోయినచో అతని యీడువారు గతించు వఱకు స్త్రీ వేచియుండవలెనను హనఫీ నియమముచే ఇచ్చట అనేకులు నలిగిరి. వివాహబంధమునుండి విడివడుటకు కొందఱు స్త్రీలు మతమునే విడుచుటకు సిద్ధపడిరి. అప్పుడు 1930 దశకపు ఆరంభమున మౌలానా అష్రఫ్ అలీ థానవీ, తాను హనఫీ పండితుడై యుండియు, మదీనాలోని మాలికీ పండితుల యభిప్రాయమును తెప్పించుకొని, గత్యంతరము లేని చోట ఆ శాఖ నియమము ననుసరింపవచ్చునని గ్రంథము వ్రాసెను. 1939లో ముస్లిము వివాహముల రద్దు చట్టము వచ్చెను. భర్త జాడ నాలుగేండ్లు తెలియకున్నచో భార్య న్యాయస్థానమున విడుదల కోరవచ్చునని అందలి మొదటి నియమము. ఆనాడు మదరాసు రాజధానిలో నుండిన తెలుగు జిల్లాలకును ఆ చట్టము వర్తించెను.

కూఫా పండితుని మతము ననుసరించు స్త్రీకి మదీనా పండితుని మతము దారి చూపెను. రెండు మతములును, వాని హేతువులును పక్కపక్కన నిలిచియున్నందుననే అది సాధ్యమయ్యెను. ఓడినవారి పుస్తకములను గెలిచినవారు కాల్చివేసిన చోట ఇట్టి దారి మిగులదు. కార్డోవా ఖాజీ తన రాత్రులను వెచ్చించి కాపాడినది ఆ దారినే. అతని పుస్తకములను కాల్పించిన రాజ్యము డెబ్బదియైదేండ్లలోపల నేలగూలెను. నాలుగు శాఖల వాదములను హేతువులతో నెంచి చెప్పిన పుస్తకము నేటికిని చదువబడుచున్నది.